రాత్రి దొరికే ఊరు

ఇబ్రహీంపట్నం,
మంగళవారం.

ప్రియమైన దానియేలు సారుకు,

నీ మరియ రాసేది. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మళ్ల మళ్ల విన్న. విన్నప్పుడల్ల కోపమే వచ్చింది. అందుకే కాగితం పట్టుకున్న. ఫోన్ల మాట్లాడుదమంటే నువ్వు మేలుకున్నప్పుడు నేను పండుకుంట, నేను మేలుకున్నప్పుడు ఆసిఫాబాద్ గురుకులంల పిల్లలతోని పాటు నువ్వు గుర్రు పెడ్తుంటవ్. మధ్యల జరంత టైము దొరికితే, "బెల్ కొట్టిన్రు మరియా" అని పెట్టేస్తవ్. ఉత్తరాన్ని పెట్టేయలేవు కద. కూసొని చదువు.

సంగతి నీకు తెల్వంది కాదు గాని, నువ్వు సగమే విన్నవ్ కాబట్టి మళ్ల చెప్తున్న. మా కంపెనీ హైదరాబాద్ ఆఫీసు ఎత్తేస్తున్నది. అమెరికా దవాఖానలకు ఫోన్ల అపాయింట్‌మెంట్లు ఇచ్చే మా పని మాత్రం ఉంటది. పాతోళ్లం కొందరిని ఇంటి నుంచే చేసుకోమంటున్నరు. కాకపోతే ఇల్లు, కంపెనీకి వీసా ఏర్పాట్లున్న రెండు ఊర్లల్ల ఏదో ఒకదాంట్ల పెట్టుకోవాలె. ఒకటి మలేషియాల పినాంగు, ఇంకోటి పోర్చుగల్‌ల పోర్టో. భర్తను తీస్కపోవచ్చు. నెలాఖరుకు ఏ ఊరో చెప్పాలె.

నాకు పోర్టో కావాలె. ఎందుకో మొదటి రోజే చెప్పిన. అమెరికాల పొద్దున అయినప్పుడు మన దగ్గర లైట్లు ఏసే యాళ్ల. అప్పుడు కుర్చీల కూసుంటే తెల్లారగట్ల లేస్త. పినాంగుల ఇంకా ఘోరం. రాత్రి తొమ్మిదికి కూసొని పొద్దు పొడిచేటప్పుడు లేసుడు. అదే పోర్టోల అయితే పగటన్నం తిని కూసుంటే, ఊరంత పండుకునే యాళ్లకు పని ఒడుస్తది. అందరి లెక్క నేను కూడ రాత్రి పండుకొని పొద్దున లేస్త. సముద్రం వద్దు, చూసే జాగలు వద్దు. ఎనిమిదేండ్ల సంది రాత్రి నిద్ర ఎట్లుంటదో మర్చిపోయిన. ఆ నిద్ర కావాలె నాకు.

నీ మెసేజ్‌ల ఏమున్నది? "పినాంగే బెస్టు, ఇడ్లీ దొరుకుతది, తమిళపోళ్ల చర్చి ఉన్నది, ఎండ మనలెక్కనే ఉంటది." ఎండ కోసం, ఇడ్లీ కోసం ఎవరన్న దేశం దాటుతరా సారూ? నిద్ర మాట ఒక్కటన్న ఉన్నదా దాంట్ల? ఆరో తరగతి పిల్లలకు రేఖాంశాలు, ఏ దేశంల ఎప్పుడు పొద్దు పొడుస్తదో చెప్పేది నువ్వే కద. ఇంటిదాని పొద్దు మాత్రం ఎక్కడ పొడుస్తదో నీకు పట్టదు.

జవాబు రాయి. మెసేజ్ పెట్టకు.

కోపం తగ్గని
మరియ


ఆసిఫాబాద్,
శనివారం.

ప్రియమైన మరియకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. మా అటెండరు అందరి ముందు తెచ్చిచ్చి, "సార్, ఇంటికాడ అంత మంచిదేనా?" అని అడిగాడు. ఈ రోజుల్లో ఉత్తరం వస్తే జనం అలాగే కంగారు పడతారు.

నువ్వు ఆవేశంలో ఉన్నావు కాబట్టి నేను నిదానంగా రాస్తున్నాను. పినాంగులో నాతో బీఈడీ చదివిన ఎల్లేశ్ ఉన్నాడు. ఇల్లు వాడే చూస్తానన్నాడు. వాడికి తెలిసిన ట్యూషన్ సెంటర్‌లో నాకు పిల్లలకు పాఠాలు చెప్పే పని కూడా దొరుకుతుందట. బియ్యం, చింతపండు, పచ్చిమిరపకాయలు అన్నీ ఉంటాయి. అత్యవసరమైతే అమ్మ దగ్గరికి ఒక్క రోజులో వచ్చి పడొచ్చు. పోర్టోలో మనకెవరున్నారు? చలి. భాష రాదు. నువ్వు పొద్దంతా కంప్యూటర్ ముందుంటే నేను కిటికీ దగ్గర కూర్చొని వచ్చేపోయే వాళ్లను లెక్కపెట్టాలా? ఇక్కడ నలభై మంది పిల్లలు నన్ను సార్ అంటారు. అక్కడ నేనెవరిని? ఆ మాట కూడా నువ్వు ఒకసారి ఆలోచించాలి.

ఇక నిద్ర సంగతి. రాత్రి పని నీకు కొత్తేమీ కాదు కదా మరియా. ఎనిమిదేళ్లుగా అలవాటైనదే. పగలు ఎలాగూ పడుకుంటావు. నిద్ర నిద్రే, పగలైతేనేం, రాత్రయితేనేం? అందుకోసం ఎవరూ తెలియని ఊరికి పోదామనడం నాకు చిన్నపిల్లల పట్టుదల లాగా ఉంది.

నిన్న అమ్మ ఫోన్ చేసి, "యాడికి పోతున్నరు బిడ్డా, నాకన్న చెప్పరా?" అని అడిగింది. పినాంగు అనుకుంటున్నామని చెప్పాను. చాలా సంతోషించింది. నువ్వు కూడా నిదానంగా ఆలోచించు. వేళకు తిను.

ప్రేమతో
నీ దానియేలు


ఇబ్రహీంపట్నం,
బుధవారం.

దానియేలుకు,

ప్రియమైన అని రాద్దామంటే చెయ్యి వస్తలేదు. సార్ అనే మాట కూడ తీసేసిన, చూసుకో.

అనుకుంటున్నమని చెప్పినవా? అనుకుంటున్నది ఎవరు? నేను ఎప్పుడు అనుకున్న? నువ్వు అనుకున్న మాట మీ అమ్మ చెవుల పడి, నిన్న మన వాకిట్ల షామియానా అయ్యింది. తెలుసా నీకు?

విను. పొద్దుగాల ఐదింటికి పండుకున్న. అత్తమ్మ ఏదో వంట పని పెట్టుకున్నదని తెలుసు, అడిగితే, "ఏం లేదు బిడ్డా, నువ్వు పండుకో" అన్నది. పండుకున్న. నిద్రల ఉండంగ ఎవరో నా పేరు పిలుస్తున్నరు. కల అనుకున్న. మళ్ల పిలిచిన్రు. కండ్లు తెరిస్తే కిటికీ అవుతల స్పీకర్ డబ్బా, మూతి నా మంచం దిక్కే ఉన్నది. మైకుల పాస్టరు గారు, "మన సహోదరి మరియమ్మను పినాంగు పట్టణానికి నడిపిస్తున్న దేవునికి స్తోత్రం! అందరు గట్టిగ చెప్పాలె, స్తోత్రం!" అంటున్నడు. మన్నెగూడ నుంచి వచ్చిన మీ చెల్లె శోభ, వాడకట్టు ఆడోళ్లందరు "స్తోత్రం!" అంటున్నరు.

నేను ఏ ఊరికి పోతున్ననో నాకు మైకుల తెలిసింది దానియేలూ. కృతజ్ఞత కూడికనట. నా పేరు మీద. నన్ను నిద్రల పెట్టి.

జుట్టు విరబోసుకొని, నైటీ మీద చున్నీ కప్పుకొని బయటికొచ్చిన. అందరు చప్పట్లు కొట్టిన్రు. శోభ నా నోట్ల కేకు ముక్క కుక్కింది. పినాంగుకు పోయినంకనన్న నా కడుపు పండాలెనని ఒకామె కండ్లు మూసుకొని ప్రార్థన చేసింది. ఏమనాలె నేను? ఆమెకు ఏం తెల్వదు, ఆమె మీద నాకు కోపం లేదు. నీకు తెలుసు కద. పెండ్లయి ఆరేండ్లు. మనిద్దరం ఒకటే యాళ్ల నిద్రపోయిన రాత్రి ఒక్కటి చెప్పు. నువ్వు ఇంటికొచ్చిన రోజు నేను ఆ అర్రల హెడ్‌ఫోన్ పెట్టుకొని అమెరికా ముసలోళ్లతోని మాట్లాడుతుంట, నువ్వు ఈ అర్రల పండుకుంటవ్. లీవు పెట్టిన రాత్రన్న నిద్ర వస్తదా అంటే రాదు, పాణానికి అలవాటు తప్పింది. నీ పక్కన పండుకొని తెల్లారేదాక ఫ్యాను దిక్కు చూస్త.

నిద్ర నిద్రే అన్నవ్. అలవాటే కద అన్నవ్. ఏం అలవాటు? నెల సంది నెత్తి నొస్తున్నది. మొన్న చారుల రెండుసార్లు ఉప్పేసిన. అద్దంల చూసుకుంటే కండ్ల కింద ఎవరో మసి పూసినట్టున్నది. ఇవన్ని అలవాటు కాదు, ఓర్చుకునుడు. నేను ఓర్చుకుంటున్నన్ని రోజులు నీకు అది అలవాటు లెక్కనే కనపడ్తది.

పోర్టోల నేనెవరిని అని అడిగినవ్ చూడు, ఆ ఒక్క మాట దగ్గర నాకు నీ మీద ప్రేమ పుట్టింది, అబద్ధం ఎందుకు. నువ్వు ఆ భయం నాకు ముందే చెప్తే అయిపోతుండె. ఇడ్లీ మీద, ఎండ మీద పెట్టి చెప్పినవ్. చెప్తే ఇద్దరం కూసొని ఏదో ఒకటి చూసుకుందుము.

ఇగ చెప్పేది లేదు. సోమవారం నాడు కంపెనీకి జవాబు ఇస్త. నీ పేరు రాయాల్నో, నా ఒక్కదాని పేరే రాయాల్నో నువ్వే చెప్పు. మీ అమ్మతోని చెప్పియ్యకు. శోభతోని చెప్పియ్యకు. ప్రార్థన పెట్టియ్యకు.

మరియ


ఇబ్రహీంపట్నం, మన ఇంటి గడప మీద,
శనివారం.

ప్రియమైన మరియకు,

నువ్వు లోపల పడుకొని ఉన్నావు. నేను బయట కూర్చొని ఈ ఉత్తరం రాస్తున్నాను. నీ ఉత్తరం చేతికందిన సాయంత్రమే బస్సెక్కాను. తెల్లారి వచ్చేసరికి నువ్వు అప్పుడే నిద్రపోయావట. తలుపు సందులోంచి చూశాను. కళ్లకు చున్నీ కట్టుకొని, చెవుల్లో దూది పెట్టుకొని, ముడుచుకొని పడుకున్నావు. ఇంట్లో మనిషి అలా పడుకోవడం ఏమిటి? లేపబుద్ధి కాలేదు. లేచేదాకా వాకిట్లో కూర్చుందామనుకున్నాను. కూర్చున్నాక తెలిసింది ఈ వీధి సంగతి.

మొదట చెత్త బండి వచ్చింది, పాట పెట్టుకొని. "జర పాట బంద్ చెయ్యన్నా" అంటే, "పాట బంద్ చేస్తె చెత్త ఎవలేస్తరు సార్?" అన్నాడు. నేనే వీధంతా తిరిగి బకెట్లు తెచ్చి వేశాను. తరువాత ఉల్లిగడ్డల ఆటో. వాడి మైకు మన గేటు ముందే ఆగింది. వాడితో పెద్ద గొడవే అయింది. "పట్టపగలు పండుకుంటే ఉల్లిగడ్డలమ్ముకునేటోనిదా తప్పు?" అన్నాడు. వాడన్నదీ నిజమే, అందుకే ఇంకా మండింది. పక్కింటి వాళ్లు టైల్స్ కోయిస్తున్నారు. ఆ మిషన్ మోత నా పళ్లలోకి వచ్చింది. గోడ మీంచి అరిస్తే, "సాయంత్రందాక గింతే సార్" అన్నారు. పాత ఇనుప సామాను వాడు, గ్యాస్ బండి వాడు. ఆఖరికి మా అమ్మ మిక్సీ మొదలుపెట్టింది. వైరు పీకేశాను. "ఇన్నేండ్ల సంది మిక్సీ పడుతనే ఉన్న గదరా, ఎన్నడన్న ఏమన్నదా ఆమె?" అంది. "అనదే! అనకుంట ఊకున్నదని రోజు పడుతవా?" అని అరిచాను. అమ్మ బిత్తరపోయింది. నా అరుపుకే నువ్వు లేచావు.

అలా ఎన్నిసార్లు లేచావో నేను గడప మీంచి చూశాను. ప్రతిసారీ తల అటు తిప్పి మళ్లీ పడుకున్నావు, ఎవరినీ ఏమీ అనకుండా. చివరికి మధ్యాహ్నం లేచి నన్ను చూసి, "ఎప్పుడొచ్చినవ్?" అని ఒక్క మాట అని, రెండు ముద్దలు తిని, తల నొస్తుందని మళ్లీ పడుకున్నావు. ఇదా నేను అలవాటని రాసింది! నాకు ఒళ్లు మండిపోతోంది మరియా. ఆటోవాడి మీద, టైల్స్ వాళ్ల మీద, అమెరికా మీద, అందరికంటే ఎక్కువగా ఆసిఫాబాద్‌లో కూర్చొని నిద్ర నిద్రే అని రాసిన ఆ మహానుభావుడి మీద.

నా పేరు రాయి. ఏ ఊరు రాస్తే ఆ ఊరు. లీవు సంగతి మా ప్రిన్సిపాల్‌ను అడిగే వచ్చాను. అక్కడ నేనేం చేస్తానో నాకింకా తెలియదు, భయంగానే ఉంది. దాచుకోను.

సాయంత్రం కావొస్తోంది. టైల్స్ మిషన్ ఇప్పుడే ఆగింది. నువ్వు మొదటిసారి గట్టిగా నిద్రపోతున్నావు, చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది. నీ అలారం మోగబోయింది, ఆపేశాను. చీకటి పడ్డాక మళ్లీ రాస్తున్నాను. ఇందాక మీ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, "మేడం ఈజ్ స్లీపింగ్" అన్నాను. వాడు మళ్లీ ఏదో అడిగాడు. నేను మళ్లీ అదే చెప్పాను, ఈసారి కొంచెం గట్టిగా.

నీ
దానియేలు


ఇబ్రహీంపట్నం,
సోమవారం.

ప్రియమైన నా దానియేలుకు,

నువ్వు నిన్న బస్సెక్కేదాక కోపం ఆపుకున్న. ఇప్పుడు చదువు.

నా ఆఫీసు ఫోన్ ఎత్తమని నీకు ఎవరు చెప్పిన్రు? ఎనిమిదేండ్లల్ల చెప్పకుండ ఒక్క షిఫ్టు ఎగ్గొట్టలేదు నేను. అలారం బంద్ చేసుడేంది, అమెరికాతోని కొట్లాటేంది? మా మేనేజర్ ఇయ్యాల, "మీ హజ్బెండ్ బాగానే ఉన్నడా?" అని అడిగింది. సిగ్గుతోని సచ్చిన. మీ అమ్మ మైకుల చెప్పిచ్చింది, నువ్వు ఫోన్ల చెప్పినవ్. నన్ను అడిగినోళ్లు మాత్రం మీ ఇంట్ల ఒక్కరు లేరు. ఇంకోసారి గిట్ల చేసినవో, నిన్ను ఇక్కడనే ఇడిసిపెట్టి పోత.

పోర్టో అని రాసి పంపిన. ఇద్దరి పేర్లు రాసిన. అత్తమ్మకు నేనే చెప్త. నువ్వు ముందుగాల నోరు జారకు. అక్కడ నీకు భయమైతే నాకు చెప్పు, ఇడ్లీల పేరు పెట్టి చెప్పకు.

ఇంకోటి, నీకు చెప్పలేదు. శనివారం రాత్రి నాకు మెలకువ వచ్చింది. అంత చీకటి. ఏ యాళ్లయిందో తెల్వలే. షిఫ్టు పోయిందని దిగ్గున లేచి కూసున్న. పక్కన నువ్వు నోరు తెరుచుకొని పండుకున్నవ్. వీధిల ఒక్క సప్పుడు లేదు. ఇంత మంచిగుంటదా రాత్రి అనుకున్న. నిన్ను లేపి తిడ్దామని భుజం మీద చెయ్యి కూడ ఏసిన.

చెయ్యి తీయకముందే మళ్ల నిద్ర పట్టింది.

నీ
మరియ