టైటాన్ మీద వాన, మన చౌడు చేను

నాయనకు హేమ నమస్కారాలు. నేను బాగున్నాను. నువ్వు, అమ్మ, అవ్వ ఎట్లున్నారు? అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్లో నీకు వినపడేది సగం, అమ్మ లాక్కునేది సగం. అందుకే రాస్తున్నా.

పరిశోధనకని ఐర్లండ్ వచ్చి నాలుగు నెలలైంది. రోజూ తుంపరే. ఒక్కరూ తలెత్తి చూడరు; మన పాకాలలో అయితే ఈపాటికి ఊరంతా వీధిలోకొచ్చి నిలబడేది. మొన్న గదిలో సంగటి కెలికితే అడుగంటింది, అయినా తిన్నా. ఆదివారాలు మాట్లాడే మనిషి దొరకడు, అంతే. దిగులు పడొద్దు, బాగానే ఉన్నా.

నా పని శనిగ్రహం చుట్టూ తిరిగే టైటాన్ అనే చందమామ మీద అంటే అవ్వ, "ఇంత సదువు సదివి శని కాడికేనా నువ్వు పొయ్యేది!" అనింది గదా. అక్కడా వాన పడుతుంది నాయనా. నీళ్లు కాదు, చలికి ద్రవమైన మీథేన్ గ్యాసు. వ్యోమనౌక ఎప్పుడో పంపిన ఫోటోల్లో వాన పడిన నేల నల్లబడింది, నెలల తర్వాత మెల్లగా ఆరింది. ఒకచోట మాత్రం వానకు ముందుకంటే తెల్లగా తేలింది. నేను ఇన్నాళ్లూ చేసిందంతా ఆ మచ్చ మీదే. నా పని చూసే మేడమేమో అది కెమెరా లోపం, తీసెయ్యమంది. "మా నాయన చేను కూడా ఇట్లే అవుతుంది" అన్నా. మీటింగులో అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. రెండు వారాల్లో రుజువు చూపించమంది.

ఫోన్ చేస్తే నువ్వు, "చౌడు నేల గదమ్మా! తడిస్తే నల్లగుంటాది, ఎండితే ఉప్పు పైకొచ్చి ముందుకంటే తెల్లగా, సున్నం కొట్టినట్టు తేల్తాది. నిన్ననే వాన పడింది, దినామూ ఫోటో తీసి పంపిస్తాలే" అన్నావు. తొమ్మిది ఫోటోలొచ్చాయి. తొమ్మిదింట్లోనూ మధ్యలో నీ ఎడమకాలి చెప్పు! తర్వాతి ఫోన్లో అమ్మ నిన్ను తిట్టడం వినపడింది.

"సదువుకున్నోళ్లకు సూపించే ఫోటోలో చెప్పేందయ్యా?"

"యాడ తీసినానో పాపకు తెలియొద్దా? నీకేం తెలుసు, గమ్మునుండు."

నిన్న మీటింగులో గోడంత తెర మీద నీ చెప్పు. మొదట ఒకటే నవ్వులు. అయిదో ఫోటోలో చెప్పు చుట్టూ నేల తెల్లబడేసరికి నవ్వు తగ్గింది, తొమ్మిదోదానికి అందరూ కుర్చీలు ముందుకు లాక్కున్నారు. టైటాన్ మీద చౌడు లేదు, అక్కడెందుకు తెల్లబడిందో ఇంకా తేల్చాలి. కానీ ఎండిన నేల ముందుకంటే తెల్లబడొచ్చని ఒప్పుకున్నారు. నా మచ్చను తీసెయ్యలేదు నాయనా! దాని సంగతి తేల్చే పనీ నాకే ఇచ్చారు.

అమ్మకు, అవ్వకు నా దండాలు. మీ దీవెనలు నా మీద ఉంచండి. ఫోటోలు రిపోర్టులో వేస్తారంట, నేల ఎంత మేరో తెలిసేటట్టు పక్కన కొలత రాయాలి. ఆ చెప్పు ఎన్ని అంగుళాలో కొలిచి పంపు. పెళ్లిళ్లకు వేసుకునే కొత్త జత కాదు, ఆ అరిగిపోయిన ఎడమదే.

నీ కూతురు,
హేమ