అండాలత్త పేరు మీది బియ్యం

బాపూ,

ఎట్లున్నవ్? నువ్వు పోయి ఎనిమిదేళ్లు దాటింది. నేను బాగానే ఉన్నానని రాద్దామనే కూర్చున్నాను. కాని బాగా లేను. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎటు పోవాలో తెలియడం లేదు. నీ మీద బాగా కోపంగా ఉంది… ఎవరి మీద చూపించను?

పోయిన ఆదివారం ఒక చర్చి సిస్టర్ మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర నీ పేరు చెప్పి అడిగితే ఎవరో పాత మనుషులు మన గల్లీ చూపించారట. మంచినీళ్లు తాగి, ఒక ఫొటో నా చేతిలో పెట్టింది. తల మీద ముసుగు, మెడలో సిలువ, ముసలామె. ముక్కు మాత్రం నీదే బాపూ. నాదీ అదే.

మీ అక్క. నేను పుట్టకముందే జ్వరమొచ్చి పోయిందని నువ్వు చెప్పిన అండాలత్త.

ఆమె జ్వరంతో పోలేదు. నర్సు పని నేర్చుకుంటానని మిషన్ దవాఖానకు పోయి, అక్కడే క్రైస్తవం పుచ్చుకుని సిస్టర్ అయిపోయింది. తాత ఆమె బతికుండగానే నీళ్లు వదిలేశాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉన్న ఒక కుష్ఠు దవాఖానలో పుండ్లు కడుగుతూ ముసలిదయింది. మనకు గంట ప్రయాణం. ఆ రోడ్డు మీద నేను ఎన్నిసార్లు పోయి ఉంటాను…

నువ్వు పోయిన తర్వాతి ఏడు ఆమె పోయింది. ఇప్పుడు సమాధి దగ్గర జనం కొవ్వొత్తులు వెలిగించి మొక్కుకుంటున్నారట. ఆమెను పునీతురాలిగా, అంటే సెయింటుగా, ప్రకటించాలని చర్చి పెద్దలు విచారణ మొదలుపెట్టారు. ఏళ్లు పట్టొచ్చు, కాకపోనూ వచ్చు అంది సిస్టర్. ఇంటి తరఫున సాక్ష్యం చెప్పడానికి నన్ను రమ్మంది. పోచమ్మకు కల్లు సాక పోసే మన ఇంట్లో పునీతురాలు… నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడు సిస్టర్ అడిగింది బాపూ, నువ్వు ఇచ్చే బియ్యం సంగతి నాకు తెలుసా అని.

ప్రతి పెత్రమాసకు పోయిన పెద్దల పేరున నువ్వు రెండు భాగాలు తీసేవాడివి. తాత, నానమ్మల పేరున అయ్యగారికి ఒకటి. రెండోది, బియ్యం, పప్పు, చింతపండు, రెండు బీరకాయలు, తువాలలో మూటగట్టుకుని బస్సెక్కేవాడివి. ఎక్కడికని అమ్మ అడిగితే ఒకటే మాట. "మా అక్క పేరు మీది బియ్యం నేనే ఇచ్చొస్త. నడుమల ఇంకెవ్వలు వద్దు."

ఎవరో బీదవాళ్లకు ఇస్తున్నావనుకున్నాం. నువ్వు తిన్నగా ఆమెకే ఇచ్చొచ్చావు. చచ్చిపోయిందనే అందరికీ చెబుతానని తాతకు ఇచ్చిన మాట తప్పకుండా, బతికున్న అక్కకు అన్నం పెట్టావు. ఈ ఉపాయం నీకు ఎట్లా తట్టింది?

ఆమె ఆ బియ్యం వండుకుని, తలా ముద్ద రోగులకు పెట్టి, తాను తిని నవ్వేదట. "నా దినాల బువ్వ నేనే తింటున్న. గీ భాగ్యం ఎవలికున్నది?"

నువ్వు పోయిన ఏడు నేనూ ఏమీ మరచిపోలేదు. తాత, నానమ్మలతో పాటు నీ పేరున ఒక భాగం, ఆమె పేరున ఒక భాగం తీసి, రెండూ అయ్యగారికే ఇచ్చాను. ఆ రోజు ఆమె సాయంత్రం దాకా గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుందట. చీకటి పడ్డాక లేచి, లోపలికి పోయి, నీ పేరు చెప్పి ప్రార్థన చేయమందట. ఎవరో రోగి అనుకున్నారు అందరూ, ఈ సిస్టర్ తప్ప. నువ్వు పోయావని ఆమెకు ఎవరూ చెప్పలేదు బాపూ. రాని బియ్యమే చెప్పింది.

నన్ను ఎందుకు తీసుకుపోలేదు? ఒక్కసారి… చిన్నపిల్లను, ఎవరికి చెప్పేదాన్ని?

యాచారంలో మీ అన్నకు, పెద్దబాపుకు ఫోన్ చేశాను. చచ్చినామెను మళ్లీ లేపొద్దన్నాడు. ఇంటోళ్లంతా కిరస్తానీలయ్యారంటారని, తమ్ముడు ఇన్నేళ్లు అబద్ధమాడాడని నలుగురికీ తెలుస్తుందని అరిచాడు. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, పోయేటప్పుడు ఆమె పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఉన్నారని చెప్పాను.

సిస్టర్‌కూ లోపల భయమే. దాచమనలేదు గానీ, పెద్దల పేరిట ఇచ్చే బియ్యం ఒక సిస్టర్ తిన్నదంటే విచారణలో వంద ప్రశ్నలు వస్తాయని, అడిగితేనే చెప్పమని మెల్లగా అంది. అప్పటినుంచీ నాకు స్థిమితం లేదు. చెబితే ఆమెకు అడ్డం పడతానేమో. చెప్పకపోతే ఆమె కథలో నువ్వు ఎక్కడా ఉండవు. ఇల్లు వదిలేసిన అక్క, అక్కను వదిలేసిన ఇల్లు, అంతే మిగులుతుంది. అది నిజం కాదు కదా?

అసలు ఇక ముందు ఆమె పేరున బియ్యం ఇవ్వాలా, లేక ఆమెకే మొక్కుకోవాలా? ఎవరిని అడగను…

వచ్చే గురువారం సాక్ష్యం. పోతున్నాను బాపూ. వాళ్లు అడిగినా అడగకపోయినా చెబుతాను. వాళ్ల పునీతురాలికి ఒక తమ్ముడున్నాడని, ఆమె చచ్చిపోయిందని ఊరందరికీ చెప్పి, ఏటా ఆమె ఆకలి తీర్చాడని చెబుతాను. పెద్దబాపు ఏమనుకుంటే అనుకోనీ.

నీకు కోపం వస్తే తిట్టు. తిట్టడానికైనా ఒక్కసారి కలలోకి రా.

నీ బిడ్డ,
సునీత