గిరగిర తిప్పిన పళ్ళెం

నవంబరు 6, బుధవారం

డైరెక్టరు హోదాలో ఉన్న మా వదినగారికి ఆడపడుచు నమస్కరించి రాయునది.

మీరు, అన్నయ్య, పిల్లలు కులాసా అని తలుస్తాను. మీ పరిశోధనశాలకి కొత్త మేడ లేచిందనీ, అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయనీ విన్నాను. సంతోషం.

ఇక ఈ ‘మీరు’లు నా వల్ల కాదు. హాస్టల్లో ఒకే దువ్వెనతో తల దువ్వుకున్నవాళ్ళం. నువ్వు మా అన్నయ్యని చేసుకుని వదినవయ్యావు గానీ, అంతకుముందే నాకు స్నేహితురాలివి. ఆ స్నేహం ఎక్కడ చచ్చిందో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఏకవచనంలోనే తిట్టుకుందాం.

పోయిన నెల అన్నయ్య ఫోన్ చేశాడు. ఏడాదికోసారి కూడా చెయ్యని మనిషి చేశాడంటే నీ పనే అనుకున్నాను. కాసేపు వానల గురించి మాట్లాడి, తర్వాత నసుగుతూ విషయం చెప్పాడు. నువ్వు అచ్చు వేయించిన పద్ధతిని ఉన్నదున్నట్టు చేసినా వేరే ల్యాబువాళ్ళకి అన్నేసి బంతులు రావడం లేదట. వాళ్ళు నిన్ను ప్రశ్నలు అడుగుతున్నారట. మొదట్లో నీ పక్కనే కూర్చుని పనిచేసినదాన్ని కాబట్టి, అప్పుడు అన్నీ సవ్యంగానే జరిగాయని నేను రాసిస్తే వాళ్ళ నోళ్ళు మూతపడతాయట. ఇంటి పరువు సంగతి, నాలుగు వాక్యాలు రాస్తే నీ సొమ్మేం పోయిందే అన్నాడు. పాపం, ఆయనకి తెలిసిన బంతులు పిల్లలు ఆడుకునేవే.

ఈ ఉత్తరం అన్నయ్య కూడా చదవాలి. అందుకని ఆయనకి అర్థమయ్యేలా రాస్తున్నాను, విసుక్కోకు.

అన్నయ్యా, క్యాన్సర్ గడ్డని సన్నగా తరిగి, ఎంజైములో నానబెట్టి, జల్లెడ పట్టి కణాలని విడదీస్తాం. వాటిని ఏదీ అంటుకోని పళ్ళెంలో, అంటుకోవడానికి సాయపడే సీరం లేని ద్రవంలో వదులుతాం. కాలు మోపే చోటు లేక చాలా కణాలు చచ్చిపోతాయి. మొండిగా బతికేవి కొన్ని ఉంటాయి. అలాంటి కణం ఒక్కటే రెండై, నాలుగై, చిన్న బంతిలా ఎదుగుతుంది. వైద్యం అంతా అయ్యాక కూడా జబ్బు తిరగబెట్టేది ఇలాంటి మూలకణాల వల్లేనని మా నమ్మకం. కాబట్టి ఎన్ని బంతులొస్తే అన్ని మూలకణాలున్నట్టు లెక్క. కాకపోతే పళ్ళెంలో కణాలు పల్చగా ఉండాలి, పళ్ళేన్ని కదపకూడదు. కదిపితే పక్కపక్కనున్న కణాలు అతుక్కుని ముద్దవుతాయి. పై నుంచి చూస్తే ఆ ముద్దా బంతిలాగే కనిపిస్తుంది.

మీ ఆవిడకి చెయ్యి ఊరుకోదు. రోజూ పొద్దున్నే పళ్ళేన్ని బయటికి తీసి గుండ్రంగా తిప్పేది. అలా తిప్పితే బంతులన్నీ మధ్యకి చేరతాయి, ఫోటో ముచ్చటగా వస్తుంది, ల్యాబు నడిపే మా మాస్టారు మెచ్చుకుంటారు. ల్యాబులో అందరం తనని ‘గిరగిర’ అని పిలిచేవాళ్ళం. పిలిస్తే పలికేది కూడా.

వదినా, వద్దే, అలా తిప్పకే అని నీకు ఎన్నిసార్లు చెప్పానో. నువ్వొక అనుమానపు పక్షివి అని నవ్వేదానివి. కావాలని మోసం చేశావని నేను అనడం లేదు. అప్పుడు తెలియక చేశావు. తెలిశాక చేసింది మాత్రం నేను మర్చిపోలేదు.

నీకు గుర్తుండే ఉంటుంది. సగం కణాలకి ఎర్ర రంగు, సగానికి ఆకుపచ్చ రంగు ఎక్కించి, కలిపి నీ పళ్ళెంలో పోశాను. ఒక్క కణంలోంచి వచ్చిన బంతికి ఒక్క రంగే ఉండాలి. నీ బంతులు అతుకుల బొంతల్లా వచ్చాయి. పిలిచి చూపించాను. చాలాసేపు మైక్రోస్కోపు మీద నుంచి కన్ను తీయలేదు నువ్వు. తర్వాత లేచి, రంగు ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి కారి ఉంటుందిలే అన్నావు. సాయంత్రానికి ఆ పళ్ళెం బ్లీచింగ్ డబ్బాలో తేలుతోంది. నేను పారెయ్యలేదు.

ఆ తర్వాత మాస్టారు నన్ను పిలిచి, నలుగురితో కలిసి పనిచేయడం రానివాళ్ళకి ఇక్కడ కుదరదమ్మా అన్నారు. నువ్వు కనిపెట్టిన మందు వేస్తే ఆ బంతులు రావనీ, అంటే అది మూలకణాలని చంపేస్తుందనీ వ్యాసం అచ్చయింది. నా పేరు అట్టడుగున కృతజ్ఞతల్లో, ఇంక్యుబేటరు బాగుచేసినతని పక్కన పడింది. ఆ ఏడే మీ పెళ్ళి. ఏడుపు మొహం వేసుకుని తిరుగుతున్నానని ఆ పెళ్ళిలో అమ్మ నన్ను తిట్టిపోసింది. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

సరే, అన్నయ్య అడిగాడు కదా. రాసిచ్చే ముందు చేసి చూశాను. మా కాలేజీ ల్యాబు చూస్తే నీకు నవ్వొస్తుంది. ఉన్నది ఒక్క ఇంక్యుబేటరు, దాని తలుపు మూయాలంటే మోకాలితో తన్నాలి. అయినా చిన్న గుంటల పళ్ళేలు ఇక్కడా దొరుకుతాయి. గుంటకి ఒక్క కణం చొప్పున వేశాను. ప్రతి గుంటనీ మైక్రోస్కోపులో చూసి, పొరపాటున రెండేసి పడ్డవాటిని లెక్కలోంచి తీసేశాను. కొన్ని గుంటల్లో నీ మందు కలిపాను, కొన్నింట్లో కలపలేదు. ఎవరైనా ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని తలుపు మీద చీటీ అంటించాను. కాలేజీ పిల్లలు నాకు రాక్షసి అని పేరు పెట్టారు, పెట్టుకోనీ.

బంతులు వచ్చాయి. మందు కలిపిన గుంటల్లోనూ, కలపని గుంటల్లోనూ ఒకేలా వచ్చాయి. నా మీద నాకే నమ్మకం లేక మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. అప్పుడు మామూలు పళ్ళెంలో, అచ్చం నీలాగే గిరగిరా తిప్పుతూ చేశాను. అబ్బో, అక్కడ నీ మందు అద్భుతం, ఒకటీ అరా తప్ప బంతే మిగల్లేదు. అంటే నీ మందు మూలకణాన్ని చంపడం లేదు వదినా. కణాలని ఒకదానికొకటి అంటుకోనివ్వడం లేదు, అంతే. గడ్డలోంచి పట్టు విడిపోయిన కణం ఒంట్లో ఎక్కడెక్కడికి పోతుందో నీకు నేను పాఠం చెప్పాలా?

అన్నయ్య అడిగిన నాలుగు వాక్యాలు రాస్తున్నాను, తీసుకో. రోజూ పళ్ళెం తిప్పారు. తిప్పినట్టు పద్ధతిలో రాయలేదు. అందుకే వేరేవాళ్ళకి అన్నేసి బంతులు రావడం లేదు. అందుకే ఆ మందు పనిచేసినట్టు కనిపించింది.

ఇన్నేళ్ళూ నా పేరు పోయిందని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. ఇప్పుడు ఆ ఏడుపు నాకే సిగ్గుగా ఉంది. ఆ మందు మనుషులకి ఇవ్వబోతున్నారు. ఆపించగలిగేది నువ్వొక్కదానివే. నేను నోరు తెరిస్తే ఆడపడుచు అక్కసు అంటారు. నీకు డైరెక్టరు కుర్చీ పోతుంది, మాస్టారి పరువు పోతుంది, నిజమే. పోనీ. నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అయినా ఈ పని నువ్వు చేయగలవని నా లోపల ఎక్కడో ఇంకా అనిపిస్తోంది. అలా అనిపించడం కూడా నాకు మంటగానే ఉంది.

పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నీ ఆడపడుచు

తా.క. ఈ కాగితం విడిగా పెట్టాను, నువ్వొక్కదానివే చదువు. ఇదంతా చదివాక నువ్వు మొదట అడిగేది, ఆ కణాలు ఎవరివి అని. నావే. ఎడమ రొమ్ములోంచి తీశారు. నా గడ్డలో కొంచెం నాకూ ఇవ్వండి అంటే సర్జను నా మొహం చూసి బెదిరిపోయాడు. అన్నయ్యకి నువ్వే చెప్పు, నాకు నోరు రాలేదు.

జబ్బు మళ్ళీ రాకుండా కొత్త మందు వచ్చింది, మొదటి జట్టులో మీరూ ఉన్నారు, అదృష్టవంతులు అంది డాక్టరమ్మ. మందు పేరు విని, నమ్ముతావో లేదో, గర్వపడ్డాను. మా వదిన కనిపెట్టిందే అని ఆస్పత్రి హాల్లో నలుగురి ముందూ చెప్పుకున్నాను. నా అనుమానమే తప్పు కావాలని, నువ్వే నెగ్గాలని కోరుకుంటూ ఆ ప్రయోగం చేశాను.

నా వరకు వద్దని చెప్పేశాను. డాక్టరమ్మకి కారణం వివరించబోతే, మీ ఇంటి గొడవలు మాకెందుకమ్మా అంది. వరసలో నా పక్కన కూర్చునే టైలరావిడ ముందు భయపడి, మందు మీ వదినదేగా, ఇంక భయమెందుకు అని ఒప్పుకుంది. ఇప్పుడు వద్దని బతిమాలుతుంటే, వదినంటే మీకు పడదటగా అని నవ్వుతోంది. సోమవారం పొద్దున ఆవిడకి మొదటి సూది.