బొమ్మ పొయ్యి అడిగిన పిల్ల

మిసెస్ యిక్ గారికి,

ఎదురుపడితే నాకు మాట రాదని మీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

క్రిస్మస్‌కి షామ్ షుయ్ పో పేటలోని పేదపిల్లలకు బొమ్మలు కొందామని, మన ఆఫీసులో చందాల డబ్బా నా చేతికిచ్చింది మీరే. మూడు వారాలు టీ వేళ ఎగ్ టార్టులు అమ్ముతూ ప్రతి టేబుల్ దగ్గరా నిలబడ్డాను. డ్రైవర్ లుక్ అంకుల్, "నోరు లేనిదానివి, నీకెందుకమ్మా ఈ అడుక్కోవడం?" అని వెక్కిరిస్తూనే నాలుగు కొన్నాడు. "బొమ్మలకేగా? పుస్తకాలకైతే డాలరు కూడా ఇవ్వను" అన్నాడు. బొమ్మలకేనని మాటిచ్చాను.

నిన్న స్టోర్ గదిలో చూస్తే నలభై డిక్షనరీలు ఉన్నాయి.

ఆ పిల్లల్లో ఏడేళ్ల హేయ్-తుంగ్, ఏం కావాలో రాసిచ్చిన చీటీలో బొమ్మ పొయ్యి అడిగింది. నేను గుర్తుచేస్తే మీరు, "ఒక్క మంచం పట్టే గదిలో పొయ్యి ఎక్కడ పెడుతుంది? చదువుకుంటే బాగుపడుతుంది" అన్నారు. ఆ గది ఎంతుందో ఆ పిల్లకి మనకంటే బాగా తెలుసు. తెలిసే అడిగింది.

నా టేబుల్ మీది పాత డిక్షనరీని చూసి మీరు మెచ్చుకుంటారు కదా. అది నాకు ఏడో ఏట, సిస్టర్ల స్కూల్లో ఎవరో ఆఫీసువాళ్లు ఇచ్చిన క్రిస్మస్ కానుక. నేనడిగింది చక్రాల బూట్లు. ఫొటోకి నవ్వమంటే నవ్వాను.

దయచేసి వాటిని వెనక్కిచ్చి, శుక్రవారంలోగా బొమ్మలు తెప్పించండి. లేకపోతే ఖాళీ డబ్బా పట్టుకుని మళ్లీ ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్లి, వాళ్ల డబ్బుతో ఏం కొన్నామో చెబుతాను.

మొదట లుక్ అంకుల్‌కి చెబుతాను. ఆయన గొంతు నా గొంతుకంటే పెద్దది.

ఇట్లు,
మీ సెక్షన్లో కిటికీ పక్కన కూర్చునే గుమాస్తా