నొక్కంగనే నల్లబడే బొమ్మ

బెంగుళూరు

అక్కకు, చెల్లె స్వరూప దండం పెట్టి రాసేది. నేనిక్కడ మంచిగున్న. నువ్వు, బావ, పిల్లలు పానం మంచిగున్నరా? బాపు మోకాలి నొప్పి ఎట్లున్నది? కందుకూరు డాక్టర్ ఇచ్చిన గోలీలు మింగుతున్నడా, గూట్ల పెట్టి మర్చిపోతున్నడా? జర చూడుండ్రి.

ఇక్కడ ఎండకాలం సుత చల్లగనే ఉన్నది. పొద్దుమీకితే వాన. హాస్టల్ల సాంబార్ల బెల్లం వేస్తరు, నాకింక అలవాటు కాలే. ఎవరన్న ఇటు వస్తే చింతకాయ తొక్కు పంపు. నా రూంల ఉండే నాగవేణి మా ఆఫీసుల్నే పని చేస్తది. ఆదివారం ఆమె వాళ్లూరికి పోతే నాకు ఏం తోచదు. గప్పుడే మీరందరు యాదికొస్తరు. ఫికర్ చెయ్యకుండ్రి, తిండికి, నిద్రకు ఏం తక్కువ లేదు.

నా పనేందని అడిగినవ్ కద. మా కంపెనీల చేతిల పట్టేటంత కంప్యూటర్ తయారు చేస్తున్నరు. లోపట దాన్ని నడిపించేదాన్ని లినక్స్ అంటరు. ఆన్ చెయ్యంగనే తెర మీద చిన్న చిన్న బొమ్మలొస్తయి. లెక్కలకొకటి, అడ్రసులకొకటి, ఆర్డర్లకొకటి. ఏ బొమ్మ మీద దానితోని ఇచ్చే ప్లాస్టిక్ పెన్నుతోని నొక్కితే ఆ పని తెరుచుకోవాలె. ఆ బొమ్మల మెనూ చేసేది నేనే. చలికాలం నుంచి గదే పని.

పోయిన నెల ఒక బిస్కెట్ల కంపెనీ ఆయన వచ్చిండు. దుకాణాలు తిరిగే వాళ్ల మనుషులకు ఇవి కొందామని చూస్తున్నడు. ఆర్డర్ల బొమ్మ నొక్కిండు. అది తెరుచుకోనీకె జర సేపు పడ్తది. తెర మీద ఏం కదల్లే. మళ్ల నొక్కిండు. ఇంకింత గట్టిగ నొక్కిండు. నొక్కినప్పుడల్లా లోపట అదే పని కొత్తగ మొదలైంది. ఆఖరికి మిషిన్ బిగుసుకపోయింది.

"ఒక్కసారే నొక్కాలె సార్" అన్న నేను.

"మావోళ్లు ఎండల నిలబడి నొక్కుతరమ్మా. పక్కపొంటి నువ్వుండి చెప్తవా?" అన్నడు.

నాకు తలకాయ కొట్టేసినట్టయింది. ఆయన పోయినంక మా మేనేజర్ సార్ ఒక్కటే మాట అన్నడు. "ఆయన మళ్ల వస్తడు. గప్పుడు సుత ఇట్లనే అయితే ఈ పని బంద్."

గా వారమే నీ ఉత్తరం వచ్చింది, ఇబ్రహీంపట్నం ఇంజనీరింగ్ కాలేజీల లెక్చరర్ నౌకరి ఉన్నదని, బావ మాట్లాడిండని. చదివి బట్టలు సంచిల పెట్టుకున్న. నాగవేణి చూసి, "ఇంట్ల ఎవరికన్న బాగలేదా?" అన్నది.

"అందరు మంచిగనే ఉన్నరు. నేనే పోతున్న."

"పో. కాని అది బాగుచేసి పో. నువ్వు సగంల విడిస్తే నాకు అంటగడ్తరు."

ఏడుపు ఆపుకుంటున్నదాన్ని నవ్విన. సంచి మంచం కిందికి తోసిన.

మిషిన్ చిన్నది, జల్ది తెరుచుకునేటట్టు నేను చెయ్యలేను. కాని నొక్కినాయనకు మిషిన్ తన మాట విన్నదని తెల్వాలె కద. అందుకని నొక్కంగనే బొమ్మ నల్లబడేటట్టు చేసిన. తెరుచుకునేదాక ఇంకెన్నిసార్లు నొక్కినా పట్టించుకోదు. మొదట్ల, ఏదన్న అడ్డం పడి ఆ పని తెరుచుకోకుంటే బొమ్మ నల్లగనే ఉండిపోతుండె. అది సరిచెయ్యనీకె మస్తు పరేషాన్ అయిన.

మొన్న ఆయన మళ్ల వచ్చిండు. నొక్కిండు. బొమ్మ నల్లబడ్డది. చెయ్యి ఎత్తి ఆగిండు. తెరుచుకున్నది. ఆర్డర్ రాసిండు, మూసిండు, ఇంకోటి నొక్కిండు. మెనూ గురించి ఒక్క ముచ్చట అడగలే. "ఛార్జింగ్ ఎంతసేపు ఉంటది?" అని అడిగిండు. వెనక కూసున్న నాకు పానం తేలికైంది. కొంటరో కొనరో ఇంక తెల్వదు.

అక్కా, నేను ఇప్పుడే రాను. నాకు గీ పని నచ్చింది. బావ నా కోసం ఎంతమందిని అడిగిండో, కోపం చెయ్యొద్దని చెప్పు. పెద్దమ్మకు, కాకకు నా దండాలు. పిల్లలకు ముద్దులు.

అమ్మకు మాత్రం ఈ ముచ్చట నువ్వే చెప్పాలె. ఫోన్ల నేను చెప్తే ఆమె ఏడుస్తది. ఆమె ఏడిస్తే నేను బస్సెక్కుత.

మీ అందరి దీవెన అడిగే
నీ చెల్లె,
స్వరూప