మేనకోడలి పట్టీ పాడవలేదు

అక్కా, మేమంతా కులాసా. మేనకోడలు ప్రమోదినికి వెంటనే చెప్పు, ఎండ వేడికి కరెంటిచ్చే తన మెత్తటి పట్టీ పాడవలేదు. కాలేజీ పరీక్షకు పెట్టేముందు మా పలాస ఎండలో చూడమని ఇచ్చింది కదా. నేను దాన్ని మా జీడి కొట్టు పైకప్పు రేకు మీద పరిచి, జీడిపిక్కల్లాగే గంటకోసారి తిరగేశాను. రెండు రోజులు దాని బుల్లి దీపం వెలగలేదు. పిల్ల చదువు పాడుచేశానని నాకు అన్నం సయించలేదు. నిన్న మా ఆవిడ మంగ చూసుకోక, ఉతికిన గోనె దాని మీదే ఆరేసింది. దీపం వెలిగింది! "కింద కాలాల, పైన సల్లగుండాల అని పిల్ల సెప్పింది కదేటి మావా, నువ్వేటి రెండేపులా ఎండబెట్టేవు?" అని ఒకటే నవ్వు. అమ్మ మోకాళ్లెలా ఉన్నాయి? టెక్కలి బస్సులో నాలుగు కొబ్బరికాయలు పంపు. పిల్లకు నా దీవెనలు, పరీక్షకు తడి గోనె పట్టుకెళ్లమను.

నీ తమ్ముడు జోగారావు