చచ్చిన దినం చెప్పనీకి సంతకమట

లూకన్, సోమవారం రాత్రి

సరళా, నా డైరీల నేను చెప్పింది చెప్పినట్టు రాయి బిడ్డా. మర్యాద మాటలు కలపకు.

ఎమర్జెన్సీల మీ నాయినను పోలీసోళ్లు ఠాణాకు తీస్కపోయిన్రు. మళ్ల ఇంటికి రాలే. ఏ దినం చంపిన్రో చెప్పున్రి అని సమాచార హక్కు కింద అడిగితే ఇయ్యాల జవాబొచ్చింది. అది ఆయన సొంత సంగతట. మనకు చెప్పాల్నంటె ఆయన ఒప్పుకున్నట్టు సంతకం కావాల్నట! అల్లుడు చదివి వినిపిస్తుంటె నా ఒళ్లు మండిపోయింది.

"ఇగ ఇడిసిపెట్టు అత్తమ్మా, పెత్రమాస నాడు మామ పేరు మీద అయ్యగారికి బియ్యమిద్దాం," అంటడు. ఎందుకిస్త? పెత్రమాస అంటె పెద్దల అమాస, చచ్చిన దినం ఎవ్వరికీ తెలువనోళ్ల కోసం. ఈయన దినం ఆ ఠాణాల తెలుసు. తెలిసి దాస్తున్నరు. ఆయన దినం నాడే ఆయన పేరు మీద ఇస్త.

పక్కింటి మోరీన్‌ను పసిగుడ్డప్పుడే ఎవరికో ఇచ్చేసిన్రు. ఈ పరాయి దేశంల దాచిన దత్తత కాయితాలు చూపాలని చట్టమొచ్చినంక, ఈ వయసుల కన్నతల్లి పేరు తెలిసింది. నన్ను పట్టుకొని ఏడ్చింది. నాకు ఏడుపు రాలే, కుళ్లొచ్చింది.

నేను పోతె ఎవరడుగుతరు? నీ బిడ్డ తెలుగు ఇంటది గని, జవాబు ఇంగ్లీషులనే చెప్తది. దానికి ఈ కోపం ఎట్ల...

"మరి అప్పీలుల ఏం రాయాలె అమ్మా?" అంటున్నవు గదా. ఇట్ల రాయి: ఆయన సంతకం పెట్టనీకి నాకేం అడ్డం లేదు. తీస్కపోయింది మీరే, మీరే తోల్కరాన్రి. పెన్ను నేను తెస్త.